తెలియని మాటను వెతికినవారు: నర్మద్, గిడుగు



సూరత్ నగరంలోని పర్వత్ పాటియా పరిసరాల్లో, మరమగ్గాల పనికోసం తెలంగాణ జిల్లాలనుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు ఉన్నాయి. ఈ ఇళ్లలోని పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, బజారులో హిందీ వింటూ పెరుగుతారు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతోంది. అయినా పుస్తకంలో ఏదో ఒక మాట అర్థం కాదు. "సారు చెప్పలేదు, గైడులో లేదు" అని అక్కడే ఆగిపోతాం. అలా ఆగిపోని ఇద్దరి చరిత్రను ఈ పాఠంలో తెలుసుకుందాం. ఒకరు ఈ నగరంలోనే పుట్టారు. మరొకరు మన తెలుగువారు.

మొదటివారు కవి నర్మద్. పూర్తి పేరు నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే. 1833 ఆగస్టు 24న సూరత్‌లో జన్మించారు. బొంబాయిలో చదువు మధ్యలో ఆగింది. కొంతకాలం ఉపాధ్యాయుడిగా పనిచేసి, 1858లో ఆ ఉద్యోగం వదిలి కలాన్నే నమ్ముకున్నారు. గుజరాతీ మాటలకు గుజరాతీలోనే అర్థం చెప్పే సమగ్ర నిఘంటువు అప్పటికి లేదు. లేదని ఊరుకోకుండా ఒక్కొక్క మాటే సేకరించారు. ఏళ్ల తరబడి శ్రమించి, 25 వేలకు పైగా మాటలతో 'నర్మకోశ్'ను 1873లో పూర్తిగా వెలువరించారు. అయితే ఈ దారి సులభం కాదు. అప్పుల బాధ వెంటాడింది. చివరికి 1882లో, మాట తప్పానన్న బాధతోనే మళ్లీ ఉద్యోగంలో చేరారు. 1886లో మరణించారు.

రెండవవారు గిడుగు వెంకట రామమూర్తి. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో జన్మించారు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరి, ఉద్యోగం చేస్తూనే పై చదువులు చదువుకున్నారు. దగ్గరి కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకోవాలనుకున్నారు. దానికి పాఠ్యపుస్తకం లేదు, నేర్పే బడి లేదు. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో ఉంచుకుని, అతన్నే గురువుగా భావించి నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి జ్వరం తెచ్చుకున్నారు. ఆ జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతిన్నది. అయినా పని ఆపలేదు. ఆయన రాసిన సవర భాషా వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో ప్రచురించింది.

ఈ ఇద్దరి పద్ధతిలో మూడు మెట్లు కనిపిస్తాయి. తనకు ఏది తెలియదో గుర్తించడం మొదటిది. తెలిసినవారు ఎవరైనా సరే, వారి దగ్గరకు వెళ్లి అడగడం రెండవది. విన్నదాన్ని రాసుకుని, మళ్లీ సరిచూసుకోవడం మూడవది. చదువు బాధ్యత తీసుకోవడం అంటే ఇదే. ఒంటరిగా కూర్చుని బట్టీ పట్టడం కాదు.

ఇక్కడ ఇంకో సంగతి గమనించాలి. సవర పిల్లలకు చదువు రాకపోవడం వారి తప్పని గిడుగు అనలేదు. అర్థంకాని భాషలో చెబితే ఎవరికీ రాదని గ్రహించారు. వారి భాషలోనే వాచకాలు రాశారు, బడి పెట్టారు. ప్రభుత్వం బహుమతి ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు బడులు పెట్టమన్నారు. తెలుగు విద్యార్థుల విషయంలోనూ వాడుక భాషకోసం జీవితాంతం పోరాడారు. అంటే అర్థమయ్యేలా చెప్పడం పెద్దల బాధ్యత, అర్థంకానిది అడగడం విద్యార్థి బాధ్యత. ఒకటి లేనిదే రెండవది నిలవదు.

నర్మద్ పుట్టినరోజు నేడు గుజరాతీ భాషా దినోత్సవం. సరిగ్గా ఐదు రోజుల తర్వాత, గిడుగు పుట్టినరోజు తెలుగు భాషా దినోత్సవం. పర్వత్ పాటియాలోని తెలుగు విద్యార్థికి ఈ రెండూ తనవే.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. సిరిసిల్లలో మరమగ్గాలను 'సాంచలు' అంటారు. సూరత్‌లో మగ్గాల కార్ఖానాను 'సంచా ఖాతా' అంటారు. ఇలాంటి మాటలు మీ ఇంట్లో, మీ వీధిలో ఎన్ని ఉన్నాయి? ఒక నోటుపుస్తకం తీసుకోండి. రోజుకు ఒక తెలియని మాట రాయండి. ఎవరిని అడిగారో, ఏమి చెప్పారో పక్కనే రాయండి. నెల తర్వాత మీరే చదివి సరిదిద్దుకోండి. ఆ పుస్తకానికి మార్కులు వేసేవారు ఎవరూ ఉండరు. సరిచూసుకోవలసింది మీరే.