శిరస్సుపై కెమెరా, వీపున గొడుగు

2017 నవంబరు నెలలో అరకులోయ ఒక వింత చూచింది. దేశదేశాల నుండి వచ్చిన వేడిగాలి బెలూన్లు, తెల్లవారిన కొద్దిసేపటికి, పొలాల మీదుగా ఒక్కొక్కటే లేచి, కొండల నడుమ రంగురంగుల గుమ్మటాలవలె నిలిచాయి. క్రింద ఉన్నవారు పైకి చూస్తూ ఫొటోలు తీశారు. బుట్టలలో ఉన్నవారు క్రిందికి చూస్తూ ఫొటోలు తీశారు. ఈ కాలంలో కెమెరా లేని చేయి అరుదు గదా!

బెలూనును తలచుకొన్నప్పుడల్లా నాకు దాని తోబుట్టువైన పారాచూట్ గుర్తుకు వస్తుంది. విమానం పుట్టడానికి నూరేళ్ళకు ముందే మనిషి బెలూను నుండి గొడుగు పట్టుకొని దూకాడు. ఆ దూకే మనిషి తన ప్రయాణాన్ని తానే చిత్రించుకొనాలని ఎప్పుడు కోరుకొన్నాడు, ఆ కోరికకు ఏ మూల్యం చెల్లించాడు, మన తూర్పు కనుమలలో ఆ సంగతి మనకెందుకు కావలసివచ్చింది అన్నది నేడు మీకు విన్నవించదలచిన కథ.

1797 అక్టోబరు 22న పారిస్ నగరంలో గార్నెరిన్ అనే ఫ్రెంచి దేశస్థుడు, బెలూను క్రింద వ్రేలాడే బుట్టలో కూర్చొని, సుమారు మూడువేల అడుగుల ఎత్తున త్రాటిని కోసివేశాడు. గొడుగు విచ్చుకొన్నది గాని, ఉయ్యాలవలె భయంకరంగా ఊగింది. లోపల చిక్కిన గాలికి పైకిపోయే దారి లేక, అంచుల వెంట ఒకసారి ఇటు, ఒకసారి అటు తప్పించుకొనడమే అందుకు కారణం. తరువాతివారు గొడుగు నడినెత్తిన ఒక రంధ్రం విడిచిపెట్టారు, ఊపు తగ్గింది. ఈ విద్యలో భద్రత చాలవరకు ఇలాగే పెరిగింది. ముందు ఎవరికో ఒకరికి ప్రాణాపాయం, ఆ వెనుక ఒక చిన్న మార్పు.

మన దేశానికి ఈ వేడుకను తెచ్చినవారిలో ముఖ్యుడు పెర్సివల్ స్పెన్సర్ అనే ఆంగ్లేయుడు. ఆయనతో కలిసి 1889లో కలకత్తాలో బెలూను ఎక్కిన రామచంద్ర ఛటర్జీ, మరుసటి యేడు పారాచూట్‌తో క్షేమంగా దిగి పేరు గడించాడు. అయితే 1892 మార్చిలో ఢాకాలో జరిగిన దుర్ఘటన మరువరానిది. నవాబు ఆహ్వానంపై వచ్చిన జానెట్ వాన్ టాసెల్ అనే అమెరికా వనిత బెలూను నుండి దూకింది. గాలి ఆమెను అనుకొన్న చోటికి చేర్చక, ఒక తోటలోని ఎత్తయిన చెట్టుపై పడవేసింది. గొడుగు కొమ్మలకు చిక్కి ఆమె వ్రేలాడుతూ ఉండగా, క్రిందివారు వెదురుబొంగులు ఒకదానికొకటి కట్టి అందించారు. ఆమె వాటిని పట్టుకొని దిగబోయేసరికి కట్టు విడిపోయింది. ఆకాశం ఆమెను ఏమీ చేయలేదు. ప్రాణం తీసింది ఆ చివరి కొద్ది అడుగులే. ఈ చెట్టు సంగతి శ్రోతలు గుర్తుంచుకొనాలి. అరకు దగ్గరకు వచ్చినప్పుడు దానితో మళ్ళీ పని ఉన్నది.

రెండవ ప్రపంచయుద్ధంలో పారాచూట్ వేడుకను విడిచి సైన్యంలో చేరింది. 1941 అక్టోబరులో కరాచీలో విమానం నుండి దూకిన తొలి భారతీయ సైనికులలో, నాటి మద్రాసు రాజధానికి చెందిన ఆర్కాటు రంగరాజు అనే వైద్యుడు ఒకరు. 1951 మార్చిలో కొరియా యుద్ధభూమిలోను ఆయన తన వైద్యబృందంతో దూకి, గాయపడినవారికి శుశ్రూష చేశాడు. అటువంటి దూకుటలో చిత్రాల ప్రసక్తి లేదు.

యుద్ధం ముగిసిన తరువాత వినోదానికి దూకేవారు బయలుదేరారు. వారి వెంట కెమెరా వచ్చింది. 1960 ఆగస్టు 16న జోసెఫ్ కిట్టింజర్ 1,02,800 అడుగుల ఎత్తు నుండి బెలూను బుట్టను విడిచి దూకిన చిత్రం లోకప్రసిద్ధమైనది. కాని దానిని తీసిన కెమెరా బుట్టకే అమర్చి ఉన్నది, మనిషి తలపై లేదు. ఆ యంత్రాన్ని శిరస్త్రాణానికి బిగించుకొని, తోటివారితో పాటు తానూ పడుతూ వారిని చిత్రించే విద్య ఆ దశాబ్దంలోనే వృద్ధిపొందింది. అందులో అగ్రగణ్యుడు కార్ల్ బోయినిష్. 1969 నాటి ‘ది జిప్సీ మాత్స్’ చలనచిత్రంలో గగనతల దృశ్యాలు ఆయన తీసినవే. చేతులు రెండూ గాలిలో శరీరాన్ని అదుపు చేయడానికి కావాలి గనుక, చూపు కుదుర్చుకొనడానికి కంటి ముందు ఒక చిన్న వలయం, మీట నొక్కడానికి పంటిక్రింద ఒక బిళ్ళ ఈ పనివారు ఏర్పాటు చేసుకొన్నారు. ఎంత నేర్పు! ఆ నేర్పు గల బోయినిష్ 1984 జూలైలో నార్వే దేశంలో ఒక పర్వతపు అంచు నుండి దూకి మరణించాడు.

ఈ కథలో నన్ను ఎక్కువగా కలతపెట్టిన ఘట్టం 1988 ఏప్రిల్ 2న అమెరికాలోని ఉత్తర కరోలినాలో జరిగింది. ఎనిమిది వందలకు పైగా దూకిన అనుభవజ్ఞుడు, ముప్పయి అయిదేళ్ళవాడు, శిష్యుడొకరు గురువుతో దూకుతుండగా చిత్రించడానికి విమానమెక్కాడు. తలపై కెమెరా ఉన్నది. దాని రికార్డరు సంచిలో ఉన్నది. పదివేల అడుగులకు పైనుండి దూకాడు. తోటివారిని చక్కగా చిత్రించాడు. వారి గొడుగులు విచ్చుకొని, వారు చిత్రంలో నుండి పైకి తేలిపోయారు. అప్పుడు తన గొడుగు కోసం చేయి చాపాడు. వీపున పారాచూట్ లేదు. తగిలించుకొనడమే మరచిపోయాడు.

ఇంతటి మరపు ఎలా సాధ్యమని మీరు అడగవచ్చు. ఆ రోజు ఆయన అప్పటికే దూకి అలసి ఉన్నాడు. కెమెరా సామాను బరువు శరీరంపై ఉండడంచేత, ఉండవలసిన బరువు ఉన్నట్లే తోచి ఉంటుందని కొందరు తలచారు. కాని అసలు విషయం వేరనిపిస్తుంది నాకు. ఆయన విమానం ఎక్కకముందు కెమెరాను పరీక్షించాడు. తనను తాను పరీక్షించుకొనలేదు. ఆయనను పరీక్షించవలసిన పని ఇంకెవ్వరిదీ కాకపోయింది.

కెమెరా తలపై ఉన్నవానికి గల ప్రమాదాలు మూడు విధాలుగా కనిపిస్తాయి. గొడుగు విచ్చుకొనే క్షణంలో శరీరం ఒక్కసారిగా వెనుకకు లాగినట్లవుతుంది. తలపై ఉన్న బరువంతా అప్పుడు మెడ మీద పడుతుంది. రెండవది త్రాళ్ళ సంగతి. శిరస్త్రాణం నున్నగా ఉంటే త్రాడు జారిపోతుంది; దానిపై కెమెరా కొమ్మువలె నిలిచి ఉంటే చిక్కుకొంటుంది. పెద్ద గొడుగు సరిగా విచ్చుకొననప్పుడు దానిని విడిచివేసి, రెండవ గొడుగును తెరవాలి. ఆ విడిచిన గొడుగు త్రాడు కెమెరాకు చుట్టుకొన్నదా, రెండవది కూడా దానితో పెనవేసుకొంటుంది. అందుచేతనే ఒక్క చేతితో క్షణంలో ఊడదీసి పారవేయగల కట్లు ఇటువంటి శిరస్త్రాణాలకు అమర్చారు. మూడవది కంటికి కనిపించనిది. పూర్తి వేగం అందుకొన్న మనిషి వేయి అడుగులు పడడానికి అయిదారు సెకన్లు చాలు. ఒక ముఖం చిత్రంలో సరిగా పడలేదని మరొక్కసారి మెడ త్రిప్పే వ్యవధి అది.

ఈ కారణంచేతనే అమెరికా పారాచూట్ సంఘంవారు, 200 సార్లయినా దూకనివారు కెమెరా ధరించరాదని హితవు చెబుతున్నారు. పూర్వం ఆ హితవును కెమెరా బరువే చెప్పేది. కిలోల కొద్దీ ఉన్న యంత్రాన్ని నెత్తిన పెట్టుకొనడానికి క్రొత్తవాడు జంకేవాడు. 2000 సంవత్సరం దాటిన తరువాత గోప్రో వంటి అరచేతిలో ఇమిడే కెమెరాలు వచ్చి ఆ జంకు పోగొట్టాయి. అగ్గిపెట్టెకన్న కొంచెం పెద్దది. ఇది నన్నేమి చేస్తుందిలే అనిపిస్తుంది. త్రాడు చిక్కుకొనడానికి మాత్రం ఆ పాటి కొమ్ము చాలు.

ఇక మన కొండలకు వద్దాం. అరకు సముద్రమట్టానికి సుమారు మూడువేల అడుగుల ఎత్తున ఉన్నది. విశాఖ తీరంలో ఎత్తు తెలిపే యంత్రాన్ని సున్నకు సరిచేసుకొని బయలుదేరినవాడు అరకుపై దూకితే ఏమవుతుంది? యంత్రం 3,500 అడుగులు చూపినప్పుడు పొలం అయిదువందల అడుగుల దూరంలోనే ఉంటుంది. మూడు సెకన్లు కూడా లేవు. మనిషి మరచినా తనంతట తాను గొడుగును తెరిచే యంత్రం 1991 నుండి జర్మనీవారి తయారీలో దొరుకుతున్నది. ఎందరి ప్రాణాలో నిలిపింది. అది కూడా బయలుదేరిన చోటినే నేల అని నమ్ముతుంది. ఎత్తుల తేడా ముందుగా చెప్పకుంటే అరకు నేల తగిలేదాకా తెరవనే తెరవదు.

గాలి సంగతి కొండవారికి చెప్పనక్కరలేదు. అనంతగిరి దారిలో ఒక శిఖరానికి గాలికొండ అని పేరు పెట్టినవారు ఊరకే పెట్టలేదు. చలికాలపు ఉదయం లోయ నిశ్చలంగా ఉంటుంది గాని మంచు నిండి నేల కనబడదు. మంచు విడిచి నేల కనబడే వేళకు ఎండ కాసి వాలుల వెంట గాలి పైకి లేస్తుంది; కొండ వీపు దాటిన గాలి అవతలి వైపు సుడి తిరుగుతుంది. లోయ అడుగున వరి, చోడి, వలిసె పండే మెత్తని పొలాలు ఉన్నమాట నిజమే. వాలులపై మాత్రం కాఫీ తోటలు, వాటికి నీడనిచ్చే ఎత్తయిన సిల్వర్ ఓకు చెట్లు. ఢాకా వనిత కథ ఎందుకు గుర్తుంచుకొనమన్నానో ఇప్పుడు గ్రహించి ఉంటారు.

అరకులో పారాగ్లైడింగ్ వంటి వినోదాలు యాత్రికులను ఆకర్షిస్తున్నాయి. దూకడం కంటె అది సులువని, తలపై కెమెరా పెట్టుకొని హాయిగా తేలవచ్చునని పలువురి భావన. 2012 అక్టోబరు 14న దాదాపు 39 కిలోమీటర్ల ఎత్తు నుండి దూకి లోకాన్ని విభ్రమపరచిన ఫెలిక్స్ బామ్‌గార్ట్‌నర్, 2025 జూలై 17న ఇటలీలో యంత్రం అమర్చిన పారాగ్లైడరులో ఎగురుతూ ప్రమాదానికి గురై మరణించాడు.

ఇదే తూర్పు కనుమలలోని నల్లమల చెంచులు కొండచరియల నుండి తేనె తీసే పద్ధతి ఈ సందర్భంలో తలచుకొనదగినది. త్రాడు పట్టుకొని చరియ క్రిందికి దిగినవాని చూపంతా పట్టుమీదనే, ముసిరే ఈగలమీదనే ఉంటుంది. పైన ఆ త్రాటిని కనిపెట్టుకొని ఉండే పని అతని బావమరదిదని చెబుతారు. తన తోబుట్టువు పసుపుకుంకుమలు ఆ త్రాటిపై ఆధారపడి ఉన్నవాడు ఏమరడు గదా! ఉత్తర కరోలినాలో విమానం తలుపు దగ్గర అటువంటి బావమరది ఒక్కడు ఉండి, ఆ వీపు ఒకసారి తడిమి చూచి ఉంటే! నేడు స్కైడైవింగ్ శిబిరాలలో దూకబోయేవాని కట్లను మరొకరు పట్టి చూడడం ఒక అలవాటుగా నేర్పుతున్నారు.

ఈ కొండలు దిగి సముద్రం చేరితే విశాఖ. 2025 జనవరి 4న జరుగవలసిన నౌకాదళ విన్యాసాలకు రెండు రోజుల ముందు, రామకృష్ణా బీచి వద్ద అభ్యాసంలో ఇద్దరు అధికారుల పారాచూట్లు గాలిలో ఒకదానితో ఒకటి పెనవేసుకొన్నాయి. చూడవచ్చిన జనం ఎదుటనే ఇద్దరూ గిరగిర తిరుగుతూ సముద్రంలో పడ్డారు. ఆరితేరిన నౌకాదళంవారికే ఇది తప్పలేదు. అయితే నీటిపై నౌకాదళం పడవ సిద్ధంగా ఉన్నది. వెంటనే చేరి వారిని పైకి తీసింది. ఇద్దరూ ప్రాణాలతో ఒడ్డు చేరారు. 4వ తేదీ సాయంకాలం విన్యాసాలు జరిగాయి.