గురుత్వ తరంగములు: నూరేండ్ల అన్వేషణము

ఉప్పాడ తీరమున నివసించువారికి కెరటము క్రొత్త గాదు. నడిసముద్రమున ఎక్కడనో వాయుగుండము పుట్టినచో, దాని పొంగు వందల మైళ్లు నడచివచ్చి ఇచ్చటి గట్టును కోసివేయును. గాలివాన ఒడ్డునుండి కానరాదు. కెరటమే దాని వార్త చెప్పును. వెలుతురునైనను వెలికి రానీయని కృష్ణబిలముల వార్తను గొనివచ్చు తరంగములు కూడ కలవు. వాటిని పట్టుటకు శాస్త్రజ్ఞులకు నూరేండ్లు పట్టినది. ఆ చరిత్రను శ్రోతలకు సంగ్రహముగా తెలుపదలచితిమి.

గురుత్వాకర్షణమనగా దేశకాలముల వంపేయని 1915 లో ఐన్‌స్టీన్ ప్రతిపాదించెను. బరువైన గోళములు ఒకదానిచుట్టు నొకటి తిరుగునపుడు దేశకాలమునందే కంపము పుట్టి కాంతివేగమున వ్యాపించునని మరుసటి యేట సూచించెను. ఉప్పాడ నేతగాండ్ర మాటలో చెప్పవలెనన్న, వస్త్రము పడుగువైపు సాగి పేకవైపు కుంచించుకొని, మరుక్షణమున పేకవైపు సాగి పడుగువైపు కుంచించుకొనుట వంటిది ఆ కంపము. 1936 లో ఆయనయే ఈ తరంగముల ఉనికిని శంకించెను. గణితమున దోషము బయటపడిన పిదప ఆ అభిప్రాయమును సవరించుకొనెను.

1969 లో అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ వెబర్ అల్యూమినియపు దిమ్మెలతో ఆ తరంగములను పట్టితినని ప్రకటించెను. ఇతరులు అట్టి ప్రయోగమే చేయగా ఏమియు లభింపలేదు. ఆ ప్రకటన నిలువకపోయినను, వెదకవచ్చునన్న ధైర్యము మిగిలినది.

అయితే కృష్ణబిలము నుండి వచ్చినదని గుర్తించుట ఎట్లు? దీనికి సమాధానమిచ్చినవారిలో బెంగుళూరున జన్మించిన సి. వి. విశ్వేశ్వర ముఖ్యుడు. కదలింపబడిన కృష్ణబిలము, కొట్టిన గంటవలె క్షణకాలము మ్రోగి అణగిపోవునని 1970 లో ఆయన లెక్కించి చూపెను. ఆ స్వరమును బట్టి బిలముయొక్క ద్రవ్యరాశి, భ్రమణము తెలియును.

2015 సెప్టెంబరు 14 న అమెరికాలోని రెండు లైగో కేంద్రములకు ఆ వార్త చేరినది. 4 కిలోమీటర్ల పొడవుగల వాటి బాహువులు ప్రోటాను వెడల్పులో నూరవ వంతుకంటె తక్కువగా చలించినవి. సూర్యునికి 36 రెట్లు, 29 రెట్లు బరువుగల రెండు కృష్ణబిలములు పరస్పరము పరిభ్రమించుచు, తరంగములరూపమున శక్తిని కోల్పోవుచు, అందువలన మరింత చేరువై, మరింత వేగమంది, తుదకు ఒకటిగా కలిసినవి. మిగిలినది 62 రెట్లు మాత్రమే. తక్కిన 3 సూర్యుల ద్రవ్యరాశి తరంగములుగా వెలువడినది. ఆ సంఘటన జరిగినది సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున.

ఆ కంపముల సంఖ్య మన చెవికి అందు పరిమితిలోనిదే. కనుక శాస్త్రజ్ఞులు దానిని శబ్దముగా మార్చి వినిపించిరి: క్షణములో అయిదవ వంతు కాలము, పక్షి కూతవలె పైకి లేచిన స్వరము. దాని తుది మ్రోత విశ్వేశ్వర చూపిన తీరుతో సరిపోలినది. 2016 ఫిబ్రవరి 11 న ఈ వార్త లోకమునకు వెల్లడియైనది. 2017 జనవరిలో కన్నుమూసిన విశ్వేశ్వర, తాను 45 ఏండ్లకు మునుపు కాగితముపై లెక్కించిన ఆ నాదమును వినగలిగెను.