బ్రిడ్జి పోటీ బిడ్డింగ్: చేతి వర్ణన ఎలా మారింది

కాంట్రాక్ట్ బ్రిడ్జిలో చేతిలోని 13 ముక్కల గురించి భాగస్వామికి చెప్పుకోవడానికి ఆటగాడికి ఉన్నవి 38 మాటలే: 35 బిడ్లు, పాస్, డబుల్, రీడబుల్. పడగల చేతులేమో 63,500 కోట్ల పైచిలుకు. ప్రత్యర్థి నడుమ దూరి బిడ్ వేస్తే ఆ కొద్ది మాటల్లోనూ కొన్ని చెల్లకుండా పోతాయి. 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ ఆటకు ఇప్పటి స్కోరింగు పద్ధతి ఇచ్చినప్పటి నుంచి కన్వెన్షన్లు పెరుగుతూ వచ్చాయన్నది అందరూ చెప్పే చరిత్ర. అది పైపై లెక్క. అసలు మార్పు, చేతి బలం చెప్పడం నుంచి ఆకారం చెప్పడానికి మళ్లడం. ఆ బరువు మోసింది ఎక్కువగా డబులే. పాస్, రీడబుల్‌ల లాగే అది కూడా వేలంలో చోటు తినని మాట మరి.

బలాన్ని కొలిచే ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 అనే లెక్కను మిల్టన్ వర్క్ ప్రచారంలోకి తెస్తే, చార్లెస్ గోరెన్ 1949 నుంచి ఇంటింటికీ చేర్చాడు. ఒక రంగులో ముక్కలే లేకపోతే 3, ఒక్కటే ఉంటే 2 అని కలపడంలోనే గోరెన్ ఆకారానికి కొంత తలవంచాడు. ఎదుటివాళ్లు నోరు మెదపనంతవరకు ఈ లెక్క బాగానే నడుస్తుంది. భాగస్వామి ఒక డైమండు అన్నాక ప్రత్యర్థి ఒక ఇస్పేటు అన్నాడనుకుందాం. మన చేతిలో ఇస్పేటు 7, 3. ఆఠీను రాజు, జాకీ, 8, 4. డైమండు జాకీ, 6, 2. కళావరు రాజు, 9, 5, 2. మొత్తం 8 పాయింట్లు. రెండు ఆఠీన్లు అందామంటే అయిదు ముక్కలూ, ఇంతకంటే బలమూ కావాలి. నో ట్రంప్ అందామంటే ఇస్పేటులో ఆపే ముక్క లేదు. పాస్ అంటే నాలుగు ఆఠీన్లు అక్కడే సమాధి. 1957లో ఆల్విన్ రాత్, టోబియాస్ స్టోన్‌లు ఇక్కడ డబుల్‌కు శిక్ష అనే అర్థం తీసేసి, ‘బిడ్ కాని రంగులు నా దగ్గరున్నాయి’ అనే అర్థం పెట్టారు. అది స్పుత్నిక్ ఎగిరిన ఏడాది కావడంతో ఆ పేరే దానికి అంటుకుంది. ప్రత్యర్థిని శిక్షించే అవకాశం పోతుందన్న ఆక్షేపణ నిజమే. కానీ నాలుగు ఆఠీన్ల చేతులు పడినంత తరచుగా శిక్షించదగ్గ చేతులు పడవు. పైగా ఓపెన్ చేసినవాడు మళ్లీ డబుల్ అంటే, పాస్ అని కాచుక్కూర్చున్న భాగస్వామికి ఆ శిక్షా దక్కుతుంది.

ఎరిక్ రాడ్వెల్ పేరుతో ప్రసిద్ధమైన సపోర్ట్ డబుల్ దీన్ని ఇంకా సన్నగా చెక్కింది: భాగస్వామి రంగులో సరిగ్గా మూడు ముక్కలుంటే డబుల్, నాలుగుంటే ఆ రంగులోనే బిడ్. ఒక్క ముక్క తేడాకు ఇంత హంగామా ఎందుకంటే, జవాబు 1969లో జాఁ రెనే వెర్న్ ప్రకటించిన సూత్రంలో ఉంది. రెండు పక్షాలకూ వచ్చే పట్ల మొత్తం, వాళ్ల తురుపుల మొత్తానికి దాదాపు సమానమని ఆయన చూపాడు. లారీ కోహెన్ 1992లో దాన్ని పుస్తకంగా జనంలోకి తెచ్చాడు. 2004లో మైక్ లారెన్స్, ఆండర్స్ విర్‌గ్రెన్‌లు ఈ సూత్రం తరచూ గురి తప్పుతుందని వాదించారు. తక్కువ ముక్కలున్న రంగుల పొట్టితనమూ, పనికొచ్చే పాయింట్లూ చూడమన్నారు. ఈ విమర్శ సూత్రాన్ని కుదిపినా వర్ణన అవసరాన్ని తగ్గించలేదు. వాళ్లు అడిగిందీ ఆకారం గురించి మరింత సమాచారమే కదా!

ఇదంతా బట్టీ వ్యవహారమనీ, రహస్య సంకేతాల జూదమనీ అనేవాళ్లున్నారు. రహస్యానికి బ్రిడ్జి చట్టాల్లో తావే లేదు: భాగస్వాముల ఒప్పందాలు ప్రత్యర్థులకు తెలియాల్సిందే, అడిగితే విప్పి చెప్పాల్సిందే. ఇక జూదం మాట. హైదరాబాద్ రాజ్యపు జూద చట్టం కింద, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆటపై నడిచిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967 నవంబరులో కోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటేనంటూ, అందులోని అదృష్టం బ్రిడ్జిలో ముక్కలు పంచడంలో ఉన్నపాటిదేనంది. అంటే బ్రిడ్జినే కొలబద్దగా పెట్టుకుంది. డూప్లికేట్ బ్రిడ్జిలో ఆ పాటి అదృష్టం కూడా చాలావరకు పోతుంది. ఒకే ముక్కల పంపకం బల్లబల్లకూ తిరుగుతుంది. 2018లో బ్రిడ్జి తొలిసారి ఆసియా క్రీడల్లోకి వచ్చినప్పుడు ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్‌ల స్వర్ణం, బాచిరాజు సత్యనారాయణ ఉన్న మిశ్రమ జట్టు కాంస్యం అందరికీ ఒకే చేతులు పడే ఇలాంటి బల్లల మీద గెలిచినవే.