గొల్లకావడి పక్కన జంట చుక్క

మాఘమాసంలో జనగామ దాటి మానుకోట దాకా ఏ పల్లెలో తలెత్తినా, రాత్రి బువ్వ వేళకు గొల్లకావడి నడినెత్తిన ఉంటుంది. ఆ మూడు చుక్కల వరుసనే ఆగ్నేయానికి సాగదీస్తే ధగధగలాడే మృగవ్యాధుడు. దానికి తూర్పుగా, చేయి చాపి పిడికిలి అడ్డంపెట్టినదాని కంటే కాస్త తక్కువ దూరంలో, కంటికి ఆనీ ఆననట్టు ఇంకో చుక్క. పేరు ఆర్ కెనిస్ మేజరిస్. భూపాలపల్లిలో గనుల దీపాల దగ్గరైతే బైనాక్యులర్లు లేనిదే కుదరదు.

దీని వెలుగు తగ్గుతోందని 1887లో పసిగట్టింది అమెరికావాడు సాయర్. అది ఒంటరి కాదు, జంట. 27 గంటల 16 నిమిషాలకోసారి ఒకటి రెండోదాన్ని కప్పేస్తుంది. మనం పట్టు, విడుపు అంటూ ఎప్పుడో ఒకసారి స్నానాలు చేస్తాం. వీటికి దాదాపు రోజూ గ్రహణమే. అల్గాల్ అనే తార మసకబారడానికి ఇలాంటి అడ్డే కారణం కావచ్చని 1783లో మొదట అన్నది ఇరవై నిండని, చెవులు వినపడని ఇంగ్లండ్ కుర్రాడు జాన్ గుడ్రిక్.

ఇక మనవాళ్ల సంగతి. నవాబు జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన నిజామియా వేధశాల 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికొచ్చింది. ఇప్పటి రంగారెడ్డి జిల్లాలో జపాల్, రంగాపూర్ ఊళ్ల దగ్గర 48 అంగుళాల దూరదర్శినితో మరో వేధశాల 1968-69లో వెలిసింది. జంట తారల గ్రహణాలు ఉస్మానియా వారికి ఇష్టమైన పని. ఓపిక కావాల్సిన పని కూడా: తార వెలుగును కొలిచి అంకె రాసుకో, పక్కనున్న మారని తారకు తిప్పు, ఖాళీ ఆకాశాన్ని కొలువు, మళ్లీ మొదటికి రా. ఫిల్టరు మార్చి మళ్లీ అదే.

ఆ ఉస్మానియా వారే అయిన రాధాకృష్ణన్, శర్మ, అభ్యంకర్‌లు 1984లో ఈ చుక్క గురించి అచ్చువేశారు. గ్రహణ వేళలు ముందుకూ వెనక్కూ జరగడానికి కారణం సుమారు 91 ఏళ్లకోసారి తిరిగే మూడో తార అన్నారు. 2002లో హిప్పార్కస్ ఉపగ్రహ కొలతలతో ఇతరులు లెక్కిస్తే 93 ఏళ్లకు దగ్గరగా తేలింది. శెభాష్ అనాల్సిందే.

అసలు వింత జంటలోని చిన్నదానిది. దాని బరువు సూర్యుడిలో ఐదో వంతుకు అటూ ఇటూ. ఒకప్పుడు జంటలో బరువైనది అదే. ముందు ముసలిదై ఉబ్బి, ఒంటి మీది వాయువును తోడుకు ధారపోసింది. కావడిలో ఒక బుట్టలోది రెండో బుట్టలోకి ఒంపినట్టు. పూర్తిగా పోశాక మిగిలేది గింజలు ఒలిచిన మక్కబెండు లాంటి వేడి హీలియం ముద్ద; అది మెల్లగా కుంచించుకుని శ్వేత కుబ్జమవుతుంది. ఇంత తేలికైన శ్వేత కుబ్జం ఒంటరి తార నుంచి పుట్టాలంటే విశ్వం వయసు చాలదు.

అలా ఒలుచుకున్న దశలో ఉన్న 17 జంటలను 2014లో బ్రిటన్‌లోని కీల్ విశ్వవిద్యాలయానికి చెందిన పియర్ మాక్స్‌టెడ్ బృందం ప్రకటించింది. ఈఎల్ కెనమ్ వెనాటికోరమ్ అనే తార పేరే ఆ జాతికి పెట్టారు. పట్టిచ్చినవి వేరే సూర్యుల గ్రహాల కోసం పెట్టిన వాస్ప్ కెమెరాలు. వాటికి బిగించినవి అంగట్లో దొరికే కానన్ లెన్సులే.

ఆర్ కెనిస్ మేజరిస్ లాంటివి ముదిరితే ఈ జాతిలో చేరతాయని ఇప్పుడు శాస్త్రవేత్తల అంచనా. దాని చిన్న తార ఇంకా అక్కడికి చేరలేదు. పైపొర కొంత మిగిలే ఉంది.