పాపికొండల అడవిదున్న

అడవిదున్న నేడు భూమ్మీద బతికివున్న అడవి పశుజాతుల్లో అతి పెద్దది. పోలవరం దాటి గోదావరికి ఎగువన, నదికి రెండు గట్లా పరుచుకున్న పాపికొండల అడవి ఆంధ్రప్రదేశ్‌లో దాని ముఖ్య స్థావరాల్లో ఒకటి. బోస్ గౌరస్ అనే శాస్త్రనామాన్ని 1827లో బ్రిటిష్ సైనికాధికారి, ప్రకృతి శాస్త్రజ్ఞుడు చార్లెస్ హామిల్టన్ స్మిత్ పెట్టాడు. వేటగాళ్లూ అటవీశాఖ వాళ్లూ దీన్ని బైసన్ అనడం అలవాటు గానీ, అమెరికా మైదానాల్లో తిరిగే బైసన్ వేరే జంతువు. ఎదిగిన మగ దున్న మామూలుగా 600 నుంచి 1000 కిలోలు తూగుతుంది, మూపు దగ్గర ఎత్తు రెండు మీటర్లు దాటేవీ ఉంటాయి. అంతకన్నా పెద్ద కొలతలు పాత వేట పుస్తకాల్లో కనిపిస్తాయి కానీ, నేలమీద పడివున్న కళేబరాన్ని కాళ్లు సాగదీసి కొలిచిన లెక్కల్ని కాస్త తగ్గించి చదవడమే మంచిది. ఆ తగ్గింపు తరువాత కూడా ఎత్తులో ఇది అమెరికా బైసన్‌ను మించుతుంది.

ఈ భారీతనం చూపరులకు వింత. అడవికి మాత్రం అది ఒక పనిముట్టు. నెమరువేసే జంతువుల్లో ఒంటి పరిమాణం పెరిగేకొద్దీ పొట్ట సామర్థ్యమూ పెరుగుతుంది, కిలో ఒంటికి కావలసిన శక్తి మాత్రం తగ్గుతుంది. అందుకే చుక్కల దుప్పి లేత చిగుళ్లను ఏరుకుని తింటే, అడవిదున్న ముదిరిన గడ్డిని, వెదురు ఆకును, మండలను, ఎండాకాలంలో చెట్ల బెరడును కూడా తిని అరిగించుకోగలదు. మంద మేసి వెళ్లిన చోట ముదురు గడ్డి పోయి కొత్త మొలక వస్తుంది. ఆ మొలక కోసం దుప్పులూ కణుజులూ చేరతాయి. పేడ నేలకు ఎరువవుతుంది, పేడపురుగులకు తిండి అవుతుంది, అందులో వచ్చిన గింజలు మేత చోటికి దూరంగా మొలుస్తాయి. పులి సంగతీ ఇందులో ఉంది. వన్యప్రాణి శాస్త్రవేత్తలు ఉల్లాస్ కారంత్, మెల్విన్ సన్‌క్విస్ట్ కర్ణాటకలోని నాగరహొళె అడవిలో చేసి 1995లో ప్రచురించిన అధ్యయనంలో, పులులు చిన్న జంతువులను వదిలి అడవిదున్నల వంటి పెద్ద వేటనే ఎంచుకుంటున్నాయని తేలింది. ఇవన్నీ కలిపి చూస్తే పాపికొండల అడవిదున్న చరిత్రను ఒంటరి జంతువు చరిత్రగా చదవడం సరికాదు. అది అడవిలోని గడ్డి చరిత్ర. గడ్డి జాగాలు నిలిచినచోట దున్న నిలిచింది, అవి మూసుకుపోయినచోట వేటగాడు లేకపోయినా అది నిలవలేదు.

దీనికి మొదటి అభ్యంతరం వెంటనే వస్తుంది. అడవిదున్న పేరులోనే అడవి ఉంది, దానికి గడ్డిమైదానంతో పనేమిటి? అభ్యంతరంలో సగం నిజం ఉంది. అమెరికా బైసన్ మైదానాన్ని తీర్చిదిద్దిన జంతువు. అది మట్టిలో పొర్లి చేసిన గుంటల్లో వాననీరు నిలిచి, చుట్టుపక్కల లేని మొక్కలు మొలుస్తాయి. అడవిదున్న అలా పొర్లదు, బురదలో పడుకునే అలవాటూ లేదు. ఎండ ముదిరితే చెట్ల నీడకు పోతుంది, ఉదయం సాయంత్రం జాగాలోకి వచ్చి మేస్తుంది. కాబట్టి అది గడ్డినేలను సృష్టించదు, ఉన్నదాన్ని కాపాడుతుంది. రెండో సగం దగ్గరే అభ్యంతరం తడబడుతుంది. ఆకురాల్చే చెట్ల కింద వెలుతురు నేలదాకా పడుతూ, మధ్యమధ్య గడ్డి పెరిగే చోటును మనం అడవి అనే లెక్కలో వేసుకున్నాం. బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రానికి చెందిన జయశ్రీ రత్నం, మహేశ్ శంకరన్, వారి సహచరులు 2011 నుంచి వాదిస్తున్నది ఇదే: ఆసియాలో చెడిపోయిన అడవులుగా ముద్రపడిన చాలా ప్రాంతాలు నిజానికి చెట్లూ గడ్డీ కలిసి బతికే సవన్నాలు. పాపికొండల్లో వాగుల వెంట దట్టమైన పచ్చని చెట్లున్నాయి, వాలుల మీద ఆకురాల్చే అడవి ఉంది, వెదురు పొదల మధ్య జాగాల్లో గడ్డి ఉంది. దున్నకు కావలసింది ఈ మూడింటి కలయికే. మన రాష్ట్ర జంతువు కృష్ణజింక కూడా గడ్డినేల జీవే కావడం, అయినా గడ్డినేలను రికార్డుల్లో బంజరు అని రాసుకోవడం మన అలవాట్లలోని విచిత్రం.

ఆ జాగాలు ఎలా ఏర్పడ్డాయన్న ప్రశ్న దగ్గర మనుషులు ప్రవేశిస్తారు. ఇక్కడి గిరిజనులైన కొండరెడ్లు, కోయలు తరతరాలుగా కొండవాలులో చెట్లు నరికి, కాల్చి, రెండు మూడేళ్లు పంట తీసి, ఆ నేలను వదిలి మరో చోటికి వెళ్లేవారు. ఈ తిరుగుడు సాగే పోడు. వదిలిన నేలలో ముందు గడ్డి, తరువాత పొదలు, చాలా ఏళ్లకు చెట్లు వచ్చేవి. అంటే ఏ సమయంలో చూసినా అడవిలో ఎక్కడో ఒకచోట కొత్త మేత ఉండేది. 1882 మద్రాసు అటవీ చట్టం ఈ తిరుగుడును అడ్డుకుంది. అంతకు ముందే, 1879లో, గోదావరి ఏజెన్సీలోని రంపలో కల్లు పన్ను, అక్కడి జమీందారు అయిన మన్సబ్దారు దౌర్జన్యాలతోపాటు అడవి ఆంక్షలూ కలిసి తిరుగుబాటు రేగింది. 1922 నుంచి 1924 వరకు అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన ఏజెన్సీ ప్రజల ఫిర్యాదుల్లోనూ పోడు ఉంది. పోడు అడవిని నాశనం చేస్తుంది కదా అంటే, ఏ పోడు అన్నది చూడాలి. పదిహేను ఇరవై ఏళ్లు విశ్రాంతి ఇచ్చిన పోడు మేతను ఒకచోటు తరువాత మరోచోట అందించింది. జాగా తగ్గి, అదే వాలును మూడు నాలుగేళ్లకే మళ్లీ కాల్చే పోడు మట్టిని కొట్టుకుపోనిచ్చింది. రెండింటినీ ఒకే తప్పుగా రాసిన ప్రభుత్వ భాష మొదటిదాన్ని నిలిపివేసి, రెండోదాన్ని పెంచింది. నిప్పు సంగతీ అంతే. ఎప్పుడో ఒకసారి తొలి వేసవిలో తగిలిన మంట ఎండుగడ్డిని తీసేసి కొత్త పిలకకు చోటిస్తుంది, ఏటా వచ్చే కార్చిచ్చు మొలకల్నీ గింజల్నీ తినేస్తుంది. ఇక వెదురు రాజమండ్రి కాగితం మిల్లుకు ముడిసరుకైంది. వెదురు దున్నకు ఎండాకాలపు తిండి. పైగా అది గుంపుగా పూసి ఒకేసారి చచ్చే మొక్క. నరుకుడూ పూతా ఒకే కాలంలో పడితే ఆ కొరతను తీర్చగలిగింది గడ్డి ఒక్కటే.

రెండో అభ్యంతరం పశువుల కాపరి అడగదగినది. గడ్డి మేయడమే పనైతే ఊరి ఆవులు చేయలేవా? అమెరికాలో కాన్సస్ రాష్ట్రపు కోంజా మైదానంలో సుమారు మూడు దశాబ్దాల పరిశీలన ఫలితాలు 2022లో వచ్చాయి. బైసన్లు మేసిన నేలలో స్థానిక మొక్క జాతుల సంఖ్య దాదాపు రెట్టింపైంది, పశువులు మేసిన నేలలో పెరుగుదల అందులో సగం కూడా లేదు. కాన్సస్‌ను తెచ్చి పాపికొండలకు అతికించలేం గానీ, తేడాకు ఇక్కడా కారణాలు కనిపిస్తాయి. ఊరి మంద ఊరి చుట్టూ తిరిగి రాత్రికి దొడ్డికి చేరుతుంది, దాని పేడ దొడ్డిలోనో పొలంలోనో పడుతుంది. అడవిదున్నల మంద, పెద్ద వయసు ఆడదాని వెనక, రుతువును బట్టి వాలు ఎక్కుతుంది, దిగుతుంది. అది తీసుకున్నది అక్కడే తిరిగి ఇస్తుంది. ఊరి పశువులు ఇంకొకటి కూడా తెచ్చాయి: రోగం. 1968లో కర్ణాటక, తమిళనాడు సరిహద్దు అడవుల్లో రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి అడవిదున్నల మందలను ఊడ్చేసింది. టీకాల పుణ్యమా అని 2011లో ఆ రోగం ప్రపంచం నుంచే తొలగిపోయిందని ప్రకటించారు. గాలికుంటు మాత్రం ఇంకా ఉంది. అందుకే అడవి అంచు గ్రామాల్లో ఆవుకు వేసే టీకా దున్నకు కూడా రక్షణే.

వేట గురించి క్లుప్తంగా చెబితే సరిపోతుంది. కోయల కొమ్ము నృత్యంలో తలపాగాకు అమర్చేవి అడవిదున్న కొమ్ములు. వాటికి నెమలి ఈకలు చేరుస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ జంతువు మొదటి షెడ్యూలులో ఉంది, కాబట్టి కొత్త కొమ్ము కోసం వేట నేరం. పాత కొమ్ములే చేతులు మారుతుంటాయి. పాపికొండలను 1978లో అభయారణ్యంగా, 2008లో సుమారు 1012 చదరపు కిలోమీటర్లతో జాతీయ పార్కుగా ప్రకటించారు. ఈ రక్షణ వేటను అడ్డుకోగలదు. గడ్డిని మూసేసే లాంటానా పొదలను, చెట్లు నాటితేనే అడవి పెరిగినట్టని లెక్కించే అలవాటును అడ్డుకోలేదు.

చివరిగా పోలవరం ప్రాజెక్టు. 45.72 మీటర్ల నీటిమట్టంతో 194 టీఎంసీలకు పైగా నిల్వ చేసేలా రూపొందించిన ఈ జలాశయం గురించిన చర్చ ఎక్కువగా ముంపు గ్రామాల పునరావాసం చుట్టూ తిరిగింది. ముందు తేలవలసిందీ అదే. దున్న విషయంలో చూడవలసింది ముంపు విస్తీర్ణం ఒక్కటే కాదు, ఆ ముంపు ఎక్కడ పడుతుందన్నది. కొండల మధ్య చదునైన ఒండ్రు నేల, వాగుల మొగలు, వేసవిలో నీరూ పచ్చగడ్డీ కలిసి దొరికే చోట్లు అన్నీ నది పక్కనే ఉంటాయి. నీరు పెరిగితే మొదట పోయేవి అవే. నీళ్లు పెరిగితే జంతువులకు మేలే కదా అనే మాట, తాగునీటికి నిజం, మేతకు కాదు. మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్‌లో పులులు క్షేమంగా ఉండగానే 1990ల్లో అడవిదున్నలు కనిపించకుండా పోయాయి. పక్క కొండలకు వెళ్లివచ్చే రుతువారీ దారి తెగిపోవడాన్ని అందుకు ఒక కారణంగా చెప్పారు. 2011, 2012 సంవత్సరాల్లో కాన్హా నుంచి లారీల్లో తెచ్చి మళ్లీ వదిలారు. పాపికొండల మందకు ఆ అవసరం రాలేదు. ఎగువ గట్టున ఉన్న ఎత్తు జాగాల్లో పొదలు తీసి గడ్డిని నిలపడం, ఒడిశా మల్కన్‌గిరి, ఛత్తీస్‌గఢ్ బస్తర్ వైపు అడవికి దారి తెరచి ఉంచడం, జంతుగణనతోపాటు మేత జాగాలనూ కొలిచి నమోదు చేయడం అటవీశాఖ చేతిలోని పనులే.