సాలిడ్ యాక్సిల్ మార్పిడి

నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే చిన్న పికప్ ట్రక్కులలో, ముందు చక్రాలకు కర్మాగారం అమర్చిన స్వతంత్ర సస్పెన్షన్‌ను పూర్తిగా తొలగించి, దాని స్థానంలో ఒకే ఇరుసును బిగించడాన్ని సాలిడ్ యాక్సిల్ మార్పిడి అంటారు. రాళ్ళు, వాగులు, గోతులు ఉన్న దారులలో నడిపే వాహనాలకు ఈ మార్పు చేస్తారు. ఇందుకోసం ఛాసిస్‌పై ఉన్న పాత బ్రాకెట్లను కోసివేయవలసి ఉంటుంది కాబట్టి, మొదలుపెట్టిన తరువాత వాహనాన్ని తిరిగి పూర్వస్థితికి తేవడం చాలా కష్టం. స్టీరింగు, బ్రేకులు రెండూ ఈ పనిలో మారతాయి. అందువలన కోత కంటే ముందు జరిగే కొలతలు, ఎంపికలే ఇందులో ముఖ్యమైన భాగం.

నేపథ్యం

ఈ మార్పిడికి ప్రసిద్ధమైన ఉదాహరణ అమెరికాలో అమ్ముడైన టయోటా పికప్. ఇతర దేశాలలో దీనిని హైలక్స్ అంటారు. దీని నాలుగు చక్రాల నమూనా 1979లో వచ్చింది. 1985 వరకు అమెరికాలో అమ్మిన ఈ ట్రక్కులకు ముందు భాగంలో కూడా సాలిడ్ యాక్సిల్, కమాను పట్టీలు ఉండేవి. 1986 నమూనా నుండి వాటి బదులు టార్షన్ బార్లతో కూడిన స్వతంత్ర సస్పెన్షన్‌ను అమర్చారు. 1986-1995 మధ్య కాలపు ట్రక్కులకు పాత ట్రక్కుల ఇరుసును అమర్చడం ఈ విధంగా వాడుకలోకి వచ్చింది. భారతదేశంలో పాత మహీంద్రా జీపులు, మారుతి జిప్సీ ముందు భాగంలో సాలిడ్ యాక్సిల్, కమాను పట్టీలతోనే తయారయ్యాయి.

లాభనష్టాలు

స్వతంత్ర సస్పెన్షన్‌లో ప్రతి చక్రం విడివిడిగా కదులుతుంది. రోడ్డు మీద కుదుపు తక్కువగా ఉంటుంది, వేగంలో స్టీరింగు నిలకడగా ఉంటుంది. అయితే దాని చేతుల పొడవు, షాఫ్టు కీళ్ళు వంగగల కోణం చక్రం పైకీ కిందికీ కదిలే దూరాన్ని పరిమితం చేస్తాయి. సాలిడ్ యాక్సిల్‌లో ఒక చక్రం రాయి ఎక్కి పైకి లేచినప్పుడు ఇరుసు మొత్తం వాలి, రెండవ చక్రాన్ని నేలవైపు నొక్కుతుంది. పెద్ద టైర్ల బరువును కూడా ఇది బాగా తట్టుకుంటుంది. దీనికి బదులుగా రోడ్డు మీది సౌఖ్యం తగ్గుతుంది, బండి ఎత్తు పెరిగి బోల్తా పడే ప్రమాదం ఎక్కువవుతుంది. ఎక్కువగా రహదారి మీదనే తిరిగే బండికి ఈ మార్పు వలన లాభం కంటే నష్టమే ఎక్కువ.

ఇరుసు ఎంపిక

ఇరుసును ఎంచుకునేటప్పుడు మూడు విషయాలు చూడాలి.

డిఫరెన్షియల్ ఉండే వైపు: ట్రాన్స్‌ఫర్ కేసు నుండి ముందుకు వెళ్ళే షాఫ్టు ఏ వైపున ఉంటే, ఇరుసులో డిఫరెన్షియల్ కూడా ఆ వైపునే ఉండాలి. టయోటా పికప్‌లో ఇది కుడివైపున ఉంటుంది. ఎడమవైపు డిఫరెన్షియల్ ఉన్న ఇరుసు ఎంత బలమైనదైనా, ట్రాన్స్‌ఫర్ కేసును మార్చకుండా దీనికి పనికిరాదు.

వెడల్పు: 1985 వరకు వచ్చిన ఇరుసుల కంటే 1986 తరువాతి ట్రక్కుల వెనుక ఇరుసు సుమారు 3 అంగుళాలు (75 మి.మీ.) వెడల్పు. పాత ముందు ఇరుసును ఉన్నది ఉన్నట్లు అమరిస్తే ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే లోపలికి ఉంటాయి. దీనిని సరిచేయడానికి కొత్త ట్రక్కు హబ్బులను వాడతారు, లేదా ఒక్కొక్క వైపు సుమారు 1.5 అంగుళాల స్పేసర్లు బిగిస్తారు.

గేరు నిష్పత్తి: ముందు, వెనుక డిఫరెన్షియల్‌ల నిష్పత్తి ఒకటే కావాలి. లేకపోతే గట్టి నేలపై నాలుగు చక్రాలూ కలిపినప్పుడు అవి ఒకదానితో ఒకటి పెనుగులాడి గేర్లు విరుగుతాయి. టైరు పెద్దదైతే నిష్పత్తిని కూడా పెంచాలి. ఉదాహరణకు 28 అంగుళాల టైరుకు 4.10 సరిపోతే, 35 అంగుళాల టైరుకు 4.10 × 35 ÷ 28 = 5.125 అవసరమవుతుంది. బజారులో దొరికే వాటిలో దీనికి దగ్గరగా ఉన్న 5.29ను ఇటువంటి సందర్భాలలో ఎంచుకుంటారు.

స్ప్రింగులు, ఎత్తు

ఈ పనిలో కమాను పట్టీలు తేలికైన మార్గం. అవి బరువును మోయడంతో పాటు ఇరుసును తన స్థానంలో పట్టి ఉంచుతాయి. కాయిల్ స్ప్రింగులు బరువును మాత్రమే మోస్తాయి కాబట్టి, ఇరుసును పట్టి ఉంచడానికి వేరుగా లింకులు, అడ్డంగా ఒక పాన్‌హార్డ్ రాడ్డు కావాలి. ఇరుసు పైకి లేచినప్పుడు ఇంజను ఆయిల్ పాన్‌కు తగలకూడదు. బండి ఎంత ఎత్తు పెరగాలో నిర్ణయించేది ఈ ఖాళీయే. సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్న స్థితిలో కొలిచి, అంతకు ముందే ఇరుసును ఆపేలా బంప్ స్టాప్‌లు అమర్చాలి.

కాస్టర్, పినియన్ కోణం

స్టీరింగు తిరిగే అక్షం పైభాగం వెనుకకు వాలి ఉండే కోణాన్ని కాస్టర్ అంటారు. మలుపు తరువాత స్టీరింగు తనంతట తాను తిన్నగా రావడానికి ఇదే కారణం. సాలిడ్ యాక్సిల్‌లో కాస్టర్, పినియన్ కోణం రెండూ ఒకే గొట్టానికి ముడిపడి ఉంటాయి. బండి ఎత్తు పెరిగినప్పుడు షాఫ్టు కోణం సరిపోవడానికి పినియన్‌ను పైకి తిప్పితే, కాస్టర్ అంతే తగ్గిపోతుంది. అప్పుడు బండి వేగంలో దారి తప్పి పక్కలకు లాగుతుంది. రెండూ సరిగా కుదరకపోతే, ఇరుసు చివరల నకిల్ గోళాల వెల్డింగును కోసి, వాటిని తగిన కోణంలో తిప్పి మళ్ళీ వెల్డింగు చేయాలి. ఇరుసు బండి కిందికి చేరకముందే ఈ పని ముగించడం తేలిక.

స్టీరింగు, బ్రేకులు

1985 వరకు వచ్చిన ట్రక్కుల స్టీరింగ్ బాక్సు చేయి ముందుకూ వెనుకకూ కదిలేది. 1986 తరువాతి బాక్సు చేయి పక్కలకు కదులుతుంది. ఈ బాక్సునే ఉంచి, డ్రాగ్ లింకును బండికి అడ్డంగా అవతలి చక్రం వరకు తీసుకువెళ్ళడం వాడుకలో ఉన్న పద్ధతి. లింకు స్ప్రింగుకు తగలకుండా నకిల్ పైభాగాన ఎత్తైన చేతులు బిగిస్తారు. డ్రాగ్ లింకు వాలు ఎక్కువైతే, చక్రం గుంతలో దిగినప్పుడల్లా స్టీరింగు తనంతట తాను తిరుగుతుంది. పాన్‌హార్డ్ రాడ్డు ఉన్న చోట అది డ్రాగ్ లింకుకు సమాంతరంగా, దాదాపు అంతే పొడవుతో ఉండాలి.

చక్రం పూర్తిగా కిందికి జారినప్పుడు, పూర్తిగా మలిగినప్పుడు కూడా బ్రేకు హోసులు సాగకుండా తగినంత పొడవు ఉండాలి. ముందు షాఫ్టు పొడవును, అది జారే దూరాన్ని కూడా ఇదే స్థితిలో కొలుస్తారు.

పని క్రమం

1. బండిని సమతలంపై నిలిపి ఛాసిస్ ఎత్తు, చక్రాల మధ్య దూరం, షాఫ్టు కోణం కొలిచి రాసుకోవడం.
2. ఇరుసును బయటనే విప్పి బేరింగులు, సీళ్ళు, గేర్లు, బ్రేకులు సిద్ధం చేయడం.
3. పాత సస్పెన్షన్‌ను తొలగించి, బ్రాకెట్లను కోసి, ఛాసిస్‌ను నునుపు చేసి పగుళ్ళు పరీక్షించడం.
4. కొత్త బ్రాకెట్లను చుక్క వెల్డింగుతో మాత్రమే నిలిపి, బండి బరువును ఇరుసుపై దించి కొలతలు మళ్ళీ చూడడం.
5. అన్నీ సరిపోయిన తరువాతనే పూర్తి వెల్డింగు చేయడం.
6. బ్రేకుల గాలి తీసి, చక్రాల అలైన్‌మెంటు చేయించి, మొదటి కొద్ది ప్రయాణాల తరువాత యు బోల్టులను, నకిల్ స్టడ్డులను మళ్ళీ బిగించడం.

నాలుగవ దశను వదిలివేయడం వలన ఎక్కువ నష్టం జరుగుతుంది. ఇరుసు వంకరగా ఉన్నట్లు పూర్తి వెల్డింగు తరువాత తెలిస్తే ఛాసిస్‌ను మళ్ళీ కోయవలసి వస్తుంది.

చట్టం

అమెరికాలో వాహనాల ఎత్తు, మార్పులపై నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. భారతదేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు తొలుత నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని యజమాని మార్చరాదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో దీనిని స్పష్టం చేసింది. కాబట్టి ఇక్కడ ఇటువంటి మార్పును తలపెట్టేవారు ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో విచారించవలసి ఉంటుంది.