జరద్గవం తొఱ్ఱలో ఎముకలు: పిల్లి, పండితుడు, అపరాధ పరిశోధక నవల

భాగీరథీ తీరాన, గృధ్రకూట పర్వతం మీద ఒక పెద్ద జువ్విచెట్టు. దాని తొఱ్ఱలో జరద్గవమనే గ్రద్ద. వయస్సు మీరినది, చూపు పోయినది, గోళ్ళు అరిగిపోయినవి. చెట్టుమీది పక్షులు జాలిపడి తమ ఆహారంలో కొంత కొంత దానికి పెడుతూ వచ్చాయి. ఒకనాడు దీర్ఘకర్ణమనే పిల్లి అక్కడికి వచ్చింది. గ్రద్ద గద్దించగా, తాను నిత్యం గంగలో స్నానం చేసి చాంద్రాయణ వ్రతం ఆచరిస్తున్నాననీ, విద్యలోనూ వయస్సులోనూ పెద్దవాడైన జరద్గవుని వద్ద ధర్మం వినడానికి వచ్చాననీ చెప్పి, ఆ తొఱ్ఱలోనే చోటు సంపాదించింది. తరువాత దినదినం పక్షిపిల్లలను తెచ్చి తిని, ఎముకలను అక్కడే వదలింది. పిల్లలను పోగొట్టుకొన్న పక్షులు వెదకడం మొదలుపెట్టగానే మెల్లగా జారుకొన్నది. పక్షులు తొఱ్ఱలో ఎముకలు చూశాయి. గ్రద్దయే తిన్నదని నిశ్చయించి దానిని చంపివేశాయి.

కులశీలాలు తెలియనివానికి ఇంట చోటీయరాదన్నది హితోపదేశకర్త ఈ కథకు చెప్పిన నీతి. ఇది చోటిచ్చినవానికి చెప్పిన నీతి. పక్షుల పొరపాటును గూర్చి కథ ఏమీ చెప్పదు. నేరం జరిగినది, ఆనవాలు దొరికినది, శిక్ష పడినది. కాని శిక్ష పొందినది నిర్దోషి. చివరివరకు ఆ పక్షులకు నిజం చెప్పినవారు లేరు. చూపులేని గ్రద్ద ఎముకలను చూడలేదు. పక్షులు ఎముకలను చూసి, వాటి వెనుక ఉన్న పిల్లిని చూడలేదు.

అపరాధ పరిశోధక నవల ఈ లోటును పూరించడానికే పుట్టినదని నాకు తోస్తుంది. ఎముకలు ఎక్కడ ఉన్నవో చూసి ఆగిపోక, అక్కడికి ఎలా వచ్చినవో విచారించడమే దాని పని. ఆ నవలాశాఖలో ఒక చిన్న కొమ్మ ఉన్నది. అందులో రక్తపాతం తక్కువ. స్థలం ఒక కళాశాలో, ఒక చిన్న ఊరో, ఒక ఇల్లో. పరిశోధించేది పోలీసు అధికారి కాక ఒక అధ్యాపకురాలో, పత్రికా రచయితో. ఇంటిలో తరచు ఒక పిల్లి. ఇంగ్లీషు పాఠకలోకం దీనికి ‘కోజీ’ అని పేరు పెట్టింది. వెచ్చగా, హాయిగా ఉండేదని ఆ మాటకు అర్థం. ఆ పేరే ఈ నవలలకు కొంత అన్యాయం చేసింది. పొద్దు పుచ్చడానికి పనికివచ్చేవిగా వీటిని తలచేవారు, వీటిలో ఉన్న గట్టి ప్రశ్నను గమనించరు. నిజం తెలిసినవారు దానిని చెబుతారా? చెప్పిన తరువాత ఆ నిజం ఎవరి నెత్తిన పడినదో విచారిస్తారా? ఈ నవలల చరిత్రను అనుసరించి పోతే ఈ రెండు ప్రశ్నలే మళ్ళీ మళ్ళీ ఎదురవుతాయి.

మన సంప్రదాయంలో విద్యకూ పిల్లికీ ఉన్న సంబంధం దాదాపు ఎప్పుడూ కపటమే. పంచతంత్రంలో తమ తగవు తీర్చమని వచ్చిన కుందేలునూ కౌజుపిట్టనూ దధికర్ణమనే పిల్లి ధర్మోపన్యాసం చేసి దగ్గరకు పిలిచి భక్షిస్తుంది. మహాభారతం ఉద్యోగపర్వంలో ఎలుకలను నమ్మించిన తాపస మార్జాలం కథ వస్తుంది. మహాబలిపురంలో, ఏడవ శతాబ్దపు పల్లవశిల్పులు మలచిన పెద్ద శిలాఫలకం మీద, తపస్సు చేస్తున్నట్టు నిలుచున్న పిల్లినీ దాని పాదాలవద్ద ఎలుకలనూ నేటికీ చూడవచ్చు. పాండిత్యం పైకి ఎంత శాంతంగా కనిపించినా దాని కడుపులో ఏమున్నదో చూడవలెనన్నది మనవారి హెచ్చరిక.

పాశ్చాత్యదేశాలలో పిల్లి మరొక దారిన కథలోకి వచ్చింది. 1841లో అపరాధ పరిశోధక కథకు రూపం కల్పించిన అమెరికన్ రచయిత ఎడ్గార్ ఆలన్ పో, 1843లో నల్లపిల్లిని గూర్చి ఒక కథ వ్రాశారు. భార్యను చంపి శవాన్ని గోడలో పెట్టి పూడ్చినవాడు, సోదాకు వచ్చిన పోలీసులకు ఏమీ దొరకకపోవడం చూసి, గర్వంతో ఆ గోడనే కర్రతో తడతాడు. గోడలోనుండి అరుపు వినిపిస్తుంది. శవంతోపాటు తానే తెలియక పిల్లిని కూడ పూడ్చివేశాడు. మన దీర్ఘకర్ణం ఎముకలను దాచి తప్పించుకొన్నది. ఈ పిల్లి దాచినదానిని బయటపెట్టింది. కపటి సాక్షిగా మారినది.

విద్యాపీఠం ఈ నవలలోకి బలంగా వచ్చినది 1930లలో. 1936లో మైకేల్ ఇన్నెస్, 1944లో ఎడ్మండ్ క్రిస్పిన్ విశ్వవిద్యాలయ వాతావరణంలో హత్యానవలలు ప్రారంభించారు. ఇన్నెస్ స్వయంగా సాహిత్యాచార్యుడు. క్రిస్పిన్ సృష్టించిన పరిశోధకుడు జర్వేస్ ఫెన్ ఆక్స్‌ఫర్డులో ఇంగ్లీషు ఆచార్యుడు. వీరిద్దరి నవలలలో పాండిత్యం అధికంగా వినోదానికి ఉపకరించింది. దానిని పరీక్షకు నిలబెట్టినది మాత్రం డొరొతీ సేయర్స్ 1935లో వ్రాసిన ‘గాడీ నైట్’.

సేయర్స్ ఆక్స్‌ఫర్డులోనే 1893లో జన్మించారు. సోమర్‌విల్ కళాశాలలో చదివి 1915లో ప్రథమశ్రేణిలో కృతార్థురాలయ్యారు. కాని పట్టం చేతికి వచ్చినది 1920లో; అంతవరకు ఆ విశ్వవిద్యాలయం స్త్రీలకు పట్టాలు ఇవ్వలేదు. కేంబ్రిడ్జి పూర్తి పట్టాలు ఇవ్వడానికి 1948 వరకు ఆగింది. కాదంబినీ గాంగూలీ, చంద్రముఖీ బసు కలకత్తా విశ్వవిద్యాలయ పట్టభద్రులైనది 1883లో అని గుర్తు చేసుకొంటే, ఆ జాప్యం ఎంతటిదో మన పాఠకులకు అర్థమవుతుంది.

ఆ నవలలో స్థలం ష్రూజ్‌బరీ అనే కల్పిత మహిళా కళాశాల. హత్య లేదు. అసహ్యమైన ఉత్తరాలు వస్తాయి. ఒకరి వ్రాతప్రతి పాడవుతుంది. కళాశాల మానం వీధిన పడే స్థితి ఏర్పడుతుంది. అందరి అనుమానమూ ఒకే దిక్కుకు పోతుంది: పెళ్ళిలేక, పుస్తకాలమధ్య వయస్సు గడిపిన విదుషీమణులలో ఎవరికో మతి చలించినది. పరిశోధనకు పూనుకొన్న హారియట్ వేన్‌ను కూడ ఈ ఆలోచన వదలదు. చదువుకొన్న ఒంటరి స్త్రీని గూర్చి లోకం ముందే ఏర్పరచుకొన్న అభిప్రాయం ఇక్కడ సాక్ష్యంగా చెలామణి అవుతుంది. తొఱ్ఱలో ఎముకలున్నవి, తొఱ్ఱలో ఉన్నది గ్రద్ద; ఇక విచారణ ఎందుకు?

నిజం వేరొక చోట ఉన్నది. చాలాకాలం క్రితం ఒక పరిశోధకుడు తన సిద్ధాంతానికి అడ్డువచ్చిన పత్రాన్ని మరుగుపరచాడు. మిస్ డివైన్ అనే విదుషి దానిని బయటపెట్టింది. అతడు పదవి పోగొట్టుకొని, క్రమంగా చితికి, ప్రాణం తీసుకొన్నాడు. ఆ కుటుంబపు కడుపుమంటయే ఈ ఉత్తరాల వెనుక ఉన్నది. ఎవరు వ్రాసినదీ చదవబోయేవారికోసం విడిచిపెడతాను. గమనింపదగినది డివైన్ తీర్పు. అసత్యాన్ని బయటపెట్టినందుకు ఆమె పశ్చాత్తాపపడదు, అది తప్పనిసరి. ఆ తరువాత ఆ మనిషి ఏమైనాడో, అతనివారు ఏమైనారో తాను విచారించలేదే అన్నదే ఆమె బాధ. సత్యం చెప్పడంతో పండితుని బాధ్యత ముగిసిపోదని ఇంత సూటిగా చెప్పిన అపరాధ పరిశోధక నవల మరొకటి నేను చదవలేదు.

అమెరికాలో ఈ సంప్రదాయం రెండు పాయలుగా నడిచింది. ఒకటి పిల్లి పాయ. డి. బి. ఓల్సెన్ అనే కలంపేరుతో డొలోరెస్ హిచెన్స్ 1939లో ‘ద క్యాట్ సా మర్డర్’ వ్రాశారు. అందులో వృద్ధురాలు రేచల్ మర్డాక్, ఆమె పిల్లి సమంతా. అదే కలంపేరుతో 1940లలో ఆచార్య పెన్నీఫెదర్ అనే పరిశోధకుణ్ణి కూడ ఆమె సృష్టించారు. పిల్లి ఒక వరుసలో, ఆచార్యుడు వేరొక వరుసలో నడిచారు. తరువాత లిలియన్ జాక్సన్ బ్రాన్ వచ్చారు. డిట్రాయిట్ పత్రికలో పనిచేసిన ఈమె, తాను పెంచిన సయామీ పిల్లి పదవ అంతస్తునుండి పడి మరణించగా, ఆ దుఃఖంతో ఒక కథ వ్రాశారు. 1966లో మొదటి నవల వచ్చింది. 1968 వరకు మూడు నవలలు. ఆపైన 1986 వరకు నాలుగవది రాలేదు. అక్కడినుండి 2007 వరకు లెక్క 29కి చేరింది. ఆమె సృష్టించిన కోకో అనే పిల్లి మాట్లాడదు, నేరస్థుణ్ణి చూపదు. ఏదో వాసన చూస్తుంది, ఏదో పుస్తకం క్రిందికి తోస్తుంది. అది ఆనవాలా, కేవలం పిల్లి చేష్టా అన్నది మనిషే తేల్చుకోవాలి. సాక్షి ఉన్నా, సాక్ష్యాన్ని చదివే పని మనిషిదే.

రెండవ పాయ విశ్వవిద్యాలయానిది. 1964లో అమాండా క్రాస్ అనే పేరుతో ఒక నవల వెలువడింది. అందులో పరిశోధకురాలు కేట్ ఫాన్‌స్లర్ ఇంగ్లీషు సాహిత్యాచార్యురాలు. అసలు రచయిత్రి కొలంబియా విశ్వవిద్యాలయంలో అదే సాహిత్యం బోధిస్తున్న కారొలిన్ హైల్‌బ్రన్. డిటెక్టివ్ నవలలు వ్రాస్తుందని తెలిస్తే శాశ్వతోద్యోగం రాదేమోనని ఆమె పేరు దాచుకొన్నారు. సత్యాన్వేషణను గూర్చి వ్రాసిన రచయిత్రి తన పేరునే మరుగుపరచవలసి వచ్చినదంటే, ఆ కాలపు విద్యాపీఠంలో స్త్రీ స్థానం ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు. 1981లో ఆమె ప్రచురించిన నవలలో, హార్వర్డు ఇంగ్లీషు శాఖకు తొలిసారిగా వచ్చిన స్త్రీ ఆచార్యురాలు, పురుషుల శౌచాలయంలో శవమై కనిపిస్తుంది. ఆ మృతికి బాధ్యులెవరన్న ప్రశ్న ఒక మనిషివద్ద ఆగక, ఆమెను ఏకాకిని చేసిన శాఖ అంతటివద్దకు పోతుంది. 1992లో హైల్‌బ్రన్ స్త్రీల యెడ జరుగుతున్న వ్యవహారానికి నిరసనగా కొలంబియానుండి విరమించుకొన్నారు.

ఈ రెండు పాయలూ కలిసినది జపానులో. అక్కడ భూమిక ముందే సిద్ధమై ఉన్నది. 1905-06లో నత్సుమే సోసెకి ‘నేను పిల్లిని’ అన్న నవలను ఒక బడిపంతులు ఇంటి పిల్లి చేత చెప్పించారు. ఒక రాత్రి దొంగ ఇంట జొరబడి ఎంతో విలువైనదనుకొని కందగడ్డల పెట్టెను ఎత్తుకుపోతాడు. పిల్లి అంతా చూస్తుంది, ఎవరినీ లేపదు. తెల్లవారిన తరువాత, పోయిన వస్తువుల జాబితా వ్రాయడంలో భార్యాభర్తలు తగవుపడతారు. చూసినవారు చెప్పరు, చెప్పేవారు చూడలేదు. 1978లో జిరో అకగావా ఒక మహిళా విశ్వవిద్యాలయాన్ని రంగంగా చేసుకొని తన ప్రసిద్ధ నవలామాలికను ప్రారంభించారు. సాహిత్యవిభాగాధిపతి హత్యకు గురి కాగా, ఆయన పెంచిన మూడు రంగుల పిల్లి, రక్తం చూస్తే కళ్ళుతిరిగే కటయామా అనే యువ పోలీసు పంచకు చేరుతుంది. దాని పేరు హోమ్స్. ఆ మాలికలో ఏభైకి పైగా పుస్తకాలు వచ్చాయి. యజమానియైన పండితుడు మరణించగా, ఆయన ఇంటి సత్యాన్ని పిల్లి మోసుకొని పోయినది.

మన భాషలలో ఇటువంటి నవలామాలిక లేకపోయినా, ఈ ప్రశ్న లేకపోలేదు. అపరాధ పరిశోధక సాహిత్యం మనవద్ద పాతదే: వంగభాషలో ప్రియనాథ్ ముఖోపాధ్యాయ 1892లో ‘దారోగార్ దప్తర్’ను, హిందీలో గోపాలరామ్ గహ్‌మరీ 1900లో ‘జాసూస్’ పత్రికను ప్రారంభించారు. 1932లో శరదిందు బంద్యోపాధ్యాయ సృష్టించిన వ్యోమకేశుడు డిటెక్టివ్ అన్న మాటను ఒల్లక, సత్యాన్వేషి అని తనకు పేరు పెట్టుకొన్నాడు. కాని పిల్లి కనిపించేది వీటికి వెలుపల. బంకించంద్రుని కమలాకాంతుడు పాలు త్రాగిన పిల్లిని కొట్టబోగా, దొంగకు శిక్ష వేయబోయే న్యాయాధికారి మూడు దినాలు ఉపవాసముండి చూడవలెనని అది వాదిస్తుంది. ఈ వాదాన్ని పిల్లినోట పెట్టిన రచయిత స్వయంగా డిప్యూటీ మేజిస్ట్రేటు.

హిందీలో భగవతీచరణ్ వర్మ వ్రాసిన ‘ప్రాయశ్చిత్త్’ కథ ఇంకా దగ్గరిది. వేధిస్తున్న పిల్లిని ఇంటి కొత్తకోడలు పీటతో కొడుతుంది. పిల్లి కదలదు. మార్జాలహత్యా పాతకమని ఇల్లంతా గగ్గోలు. పండితుడు వచ్చి బంగారు పిల్లిని దానం చేయవలెనంటాడు. ఇరవైఒక్క తులాల దగ్గర బేరం మొదలై పదకొండు తులాలకు దిగుతుంది. దానాల పట్టిక ఇంకా పెరుగుతుండగా పనిమనిషి వచ్చి, పిల్లి లేచి పారిపోయినదని చెబుతుంది. హాస్యకథగా అందరూ చదువుతారు. అపరాధ పరిశోధక నవలలు చదివినవారు మాత్రం ఒక విషయం చూస్తారు. ఇంతమందిలో, ఇంత శాస్త్రచర్చలో, చచ్చినదనుకొన్న పిల్లి దగ్గరకు పోయి ఊపిరి ఉన్నదా లేదా అని చూసినవారు ఒక్కరూ లేరు. శిక్ష నిర్ణయమైనది, వెల నిర్ణయమైనది. నేరం జరిగినదా అన్నది మాత్రం తేలలేదు. నిజం తెచ్చినది పండితుడు కాదు, ఇల్లూడ్చే మనిషి.

హిందీనుండి తెలుగులోకి పుస్తకాలు తెచ్చే పనిలో నేను ఈ కథను పలుమారులు చదివాను. చదివినప్పుడల్లా ఆ కోడలు గుర్తుకువస్తుంది. పిల్లి లేచిపోయినది గనుక ఆమె బ్రతికిపోయినది. జరద్గవానికి ఆ అదృష్టం లేకపోయినది. ష్రూజ్‌బరీ విదుషీమణులకు విచారించే మనిషి దొరికినది గనుక ఆ అపవాదు తొలగినది. తీర్పు చెప్పేవారు ఒక్క క్షణం వంగి చూడడానికి సిద్ధపడతారా లేదా అన్నదానిమీదనే ఈ మూడు కథలలోని ప్రాణాలూ మానాలూ నిలిచి ఉన్నవి. వెచ్చని పఠనంకోసం పుట్టినవనుకొనే ఆ నవలలు నేర్పేది ఇదే. తొఱ్ఱలో ఎముకలు కనిపించినప్పుడు, గ్రద్దమీద పడేముందు, నిన్న రాత్రి ఈ చెట్టు ఎక్కినది ఎవరు అని అడగవలసి ఉన్నది.